పచ్చ బోర్డు

నవంబరు 9

మా చౌరస్తాలో గాలి కొలిచే మెషీను ఉంది. పక్కనే బోర్డు. గాలి బాగుంటే పచ్చ, పాడైతే ఎరుపు. మా ఆవిడకి ఆస్తమా. బోర్డు చూసుకునే గడప దాటమన్నాడు డాక్టరు. ఇవాళ పచ్చగా ఉందని కుట్టుపనికి బయల్దేరింది. వీధి మలుపులో కూలబడింది. ఇన్‌హేలర్ పట్టుకుని, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచింది. ఎత్తుకొచ్చాను. లారీలు నల్లగా కక్కుతూనే ఉన్నాయి. బోర్డు మాత్రం పచ్చగా. సిగ్గు లేకుండా.

నవంబరు 10

బోర్డు బాగానే ఉందిగా, మీ ఇంట్లో దుమ్మేమో, దుప్పట్లు ఉతకండి అన్నాడు డాక్టరు. ఉతికాను. ఆయన్నీ ఉతకాలనిపించింది.

నవంబరు 12, పొద్దున్నే

గుట్టు దొరికింది! మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకరు వచ్చి మెషీను చుట్టూ మాత్రమే తడిపి పోతోంది. అక్కడ దుమ్ము లేవదు, బోర్డు పచ్చగా ఉంటుంది. మా వీధికి చుక్క లేదు. నడిపేది ఎవడు? నా బావమరిది! నిలదీస్తే, పైవాళ్ళ ఆర్డరు బావా, మొక్కలకనుకున్నా అన్నాడు. ఇనుప స్తంభానికి కాయలు కాస్తాయట్రా అన్నాను. బండెక్కి పోయాడు.

నవంబరు 13

జ్వరమొస్తే థర్మామీటరుని చన్నీళ్ళలో ముంచుతారా, వెధవల్లారా!

నవంబరు 15

చేసేశాను. ఆవిడ పాత నెబ్యులైజర్ మాస్కు మెషీనుకి తగిలించి, కింద అట్ట కట్టాను. ‘ఊళ్ళో ఊపిరాడేది దీనికొక్కదానికే.’ జనం మూగారు. మున్సిపల్ ఆఫీసరు జీపు దిగి, ఏ దరిద్రుడి పనిరా ఇది అని అరవబోయి దగ్గాడు. దగ్గుతూనే ఉన్నాడు. జనం విరగబడి నవ్వారు. మాస్కు విప్పమని మా బావమరిదినే పురమాయించాడు. తెగిన ఎలాస్టిక్‌కి ఎర్ర దారంతో వేసిన కుట్లు చూశాడు వాడు. అక్క చేతి కుట్లు. మాస్కు జేబులో పెట్టుకుని, ఎవరిదో తెలీదు సార్ అన్నాడు.

నవంబరు 16

నా రోగాన్ని ఊరేగిస్తావా, ముసలి కోతీ అని తిట్టింది ఆవిడ. మధ్యలో ఊపిరి కోసం రెండుసార్లు ఆగింది. తిట్లు నాకు మామూలే. ఆ ఆగడమే గుచ్చుకుంది.

నవంబరు 17

బావమరిది ట్యాంకరు నడుపుకుంటూ నా మెకానిక్ షెడ్డుకి వచ్చి, ఇది నడవట్లేదు బావా అన్నాడు. తాళాలిచ్చి, అక్కని చూసొస్తానని ఇంట్లోకి పోయాడు. బండి అంతా చూశాను. ఏ రోగమూ లేదు. మొత్తం విప్పేశాను.

నవంబరు 19

బోర్డు ఎర్రగా ఉంది. ఆవిడ కిటికీ మూసి, ఇంట్లోనే కుట్టుకుంటోంది.

నట్లు ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు.