పూజలో పెట్టిన పానా

అన్నా,

నేను, శారదను. బాగున్నావా అని నిన్నెట్లా అడగను... నువ్వు పోయాక ఇది ఎనిమిదో దసరా.

రాయచూరు మారిపోయింది. కరెంటు ప్లాంటు వచ్చింది, మా ఆయనకు అందులోనే పని. ఆయుధపూజకు అక్కడ యంత్రాలన్నిటికీ బొట్లు పెడతారట. కానీ ఒక జత పానాలు మాత్రం పూజలో పెట్టరట, ఎప్పుడేం అవసరం పడుతుందోనని. నిన్న ఆయన ఆ మాట అంటే అన్నం వదిలేసి లేచాను. ఆపాటి బుద్ధి ఆ రోజు నాకెందుకు లేకపోయింది?

పోతనాళ ఊరి పొలాల్లో వరికి దోమ పడిన ఏడు. మందు కొట్టే చిన్న విమానానికి నువ్వే మెకానిక్కువి. పండుగకని నీ ఇంటికి వచ్చిన నేను నీ పానాలన్నీ కడిగి, కుంకుమ పెట్టి, దేవుడి ముందు పేర్చాను. సాయంత్రం వచ్చి అడిగావు. "ఒక్కటియ్యే చెల్లె. విమానం తోక తీగ నట్టు చేత్తోనే తిప్పి వచ్చిన, బిగించాలె."

పూజలో పెట్టింది తెల్లారేదాకా ముట్టొద్దన్నాను. "దేవుడు నీకే చుట్టమా ఏంది?" అని నవ్వి ఊరుకున్నావు. నన్ను నెట్టేసి తీసుకుపోకూడదా అన్నా...

తెల్లారి పండుగైనా రైతులు ఆగలేదు, పైలట్ తొందరపడ్డాడు. "బాగుచేసినోడే ముందుగాల ఎక్కాలె" అనేవాడివి కదా, నువ్వూ ఎక్కావు. విమానం కాలువ కూడా దాటలేదు. నువ్వూ పోయావు, ఆ పైలట్ పిల్లవాడూ పోయాడు.

మెకానిక్కు నిర్లక్ష్యమన్నారు. ఊరంతా నమ్మింది. వదిన కూడా నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది. నిజం చెబితే నన్ను గడప తొక్కనీయదని భయపడ్డాను. పుట్టిల్లు దక్కాలని నీ పేరు పోనిచ్చాను. ఛీ, నేనూ ఒక చెల్లెలినేనా?

ఇవాళ జమ్మి ఆకు పట్టుకుని వెళ్ళి వదినకు అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. ఆమె పొయ్యి ముందే కూలబడి ఏడ్చింది. ఆ పూజ రాత్రి పడుకోబోతూ ఆమెతో అన్నావట... "పొద్దుగాల నట్టు సంగతి నాకు యాది చెయ్యే."

పిండివంటల హడావిడిలో మరిచిపోయిందట. ఇన్నేళ్ళూ లేచి వెళ్ళిపోయింది నీ మీద కోపంతో కాదన్నా... నా ముఖం చూడలేక.

పైలట్ తల్లి ఇక్కడే, బజారు వెనక ఉంటుంది. ఇప్పటికీ నిన్ను శపిస్తూనే ఉంటుంది. రేపు పొద్దున వదినా నేనూ ఆమె దగ్గరికి వెళ్తున్నాం. ఇకమీద ఆమె ఎన్ని తిట్లు తిట్టినా మమ్మల్నే తిట్టనీ.

నీ చెల్లెలు,
శారద