గొర్రులో గువ్వ

ఏమ్మే కుళ్లాయమ్మా, పొద్దున నేను అరిచింది ‘గువ్వ’ అని. నువ్వు ‘బువ్వ’ అనుకొని సద్ది కట్టి చేతికిస్తివి. సరేలే, తింటా. ఉలవ విత్తనాలకని కదిరి బస్సెక్కినా, సాయంత్రం గానీ రాను, అందుకే ఫోన్లో మాట పెడతాండా.

రేకుల కొట్టంలో విత్తనమేసే గొర్రు కదిలించొద్దు. గింజలు పోసే గిన్నెలో గువ్వ నాలుగు పుల్లలేసి రెండు గుడ్లు పెట్టిండాది. దాని పక్కనే చిప్పలో నీళ్లు, పిడికెడు కొర్రలు పెట్టు. పక్కింటి ఎర్రన్న గొర్రు అడిగితే, “వానే లేకుంటే దుమ్ము విత్తుతావా అన్నా?” అను.

గువ్వల్లో పొద్దంతా మొగుడు పొదుగుతాడు, రాత్రికి పెండ్లాం. నవ్వొద్దు, అట్లాంటి మొగుళ్లు పక్షుల్లోనే ఉండారు. వరుణుడు రాలేదు, దీని వరుడు పోయినాడు. నిన్న మిద్దె మింద చచ్చి పడిండె. పిల్లి పట్టిందని నీకు అబద్ధం చెప్పినా. మందు పట్టించిన జొన్న విత్తనం ఆడ ఎండబోసింది నేనే. గోనెపట్ట కప్పడం మరిచిపోతి.

ఇప్పుడు రెండు పూటలూ ఆడదే కూర్చోనుండాది. మేతకు పోతే గుడ్లు చెడతాయి, పోకుంటే తాను చస్తాది. పిల్లలవుతాయని నాకు నమ్మకం లేదు. అయినా నీళ్లు పెట్టు.

ఇంకొకటి. ఇంకే పిట్టా తినకూడదని ఆ జొన్నలన్నీ గుంత తీసి పూడ్చేసినా. ఈ ఏడు మనకు జొన్న పంట లేదు. నీ ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పేకి నోరు రాలేదు.