మిగిలిన బకెట్ నీళ్లు

కడప, మంగళవారం రాత్రి

మా హాస్టల్లో బాత్రూములు కడిగే సువార్తక్కకు ఇంకా ఆక్సిజన్ పెట్టే ఉండారు. దగ్గు వచ్చిందంటే మంచం మీద మనిషి ఎగిరెగిరి పడతాంది. చూడలేక వచ్చేసినా.

ట్యాంకరు వచ్చి మూడు రోజులయింది. ఉప్పునీళ్లకు బండల మీద కట్టిన తెల్ల గార పోవాలని పొద్దున అక్క యాసిడ్ పోసి రుద్దింది. "మేడమ్, నీళ్లతో కడిగినాక బ్లీచింగ్ చల్లుతా" అనింది. ఉండేది ఒక్క బకెట్. పిల్లలు కాలేజీ నుంచి వస్తే మొగం కడుక్కోను కావాలని, "నీళ్లెందుకు దండగక్కా, దాని మీదనే చల్లేయ్" అనింది నేనే. వార్డెన్ మాట కదా, కాదనలేదు. గుప్పున పొగ లేచింది. నేను పరిగెత్తి బయటికి లాక్కొచ్చేసరికి గొంతు పట్టుకోని గిలగిలా కొట్టుకుంటాంది.

రెండూ కలపొద్దని యాసిడ్ డబ్బా మీదనే రాసుండాది. ఇందాక చదివినా. ఇన్నేండ్లూ ఆ డబ్బాలు తెప్పించింది నేనే.

"ఏం పీల్చింది?" అని డాక్టరు అడిగితే "ఫినాయిల్ సార్" అన్నా. ఉద్యోగం పోతాదని భయం. ఆయన దానికే మందు ఇస్తాండాడేమో...

అక్క కూతురు నా చేతులు పట్టుకోని, "మీరుండబట్టి మా అమ్మ బతికింది మేడమ్" అని ఏడ్చింది.

దేవుడా! ఆస్పత్రి నంబరు నొక్కుతాండా, మళ్లీ తీసేస్తాండా.

భయపడి పిల్లలెవరూ ఆ పక్కకే పోలేదు. బకెట్ నిండా నీళ్లు అట్లే ఉండాయి.