కాగు మరగని రోజు

జూన్ 3
వర్షం. కట్టెలన్నీ తడిసిపోయాయి. మా ఆయన క్యాంటీన్ నుంచి తెచ్చిన మిగిలిన తిండి కాగులో పోసి పొయ్యి వెలిగిస్తే మంట కంటే పొగే ఎక్కువ. షెడ్డులో పద్నాలుగు పందిపిల్లలూ ఆకలికి చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. తిండిలో రోగముంటే చావాలని అరగంట కుతకుత మరగాలి, అదీ రూలు. వేలు పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. తొట్టిలో పోసేశాను. ఎప్పటిలాగే ఒక బకెట్టు వదిన పందులకని వ్యాన్‌లో పెట్టాను. వదినంటే మా ఆయన అక్క. పక్క ఊళ్ళో ఆవిడకీ పన్నెండున్నాయి. ఒక్కరోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను.

జూన్ 4
ఏమీ కాలేదు.

జూన్ 9, ఉదయం 6
మొండితోక తొట్టి దగ్గరికి రాలేదు. అన్నిట్లోకీ తిండిపోతు అదే, మిగతావాటిని ఎక్కి తొక్కి మరీ తింటుంది. ఇవాళ మూల గడ్డిలో ముఖం దూర్చి పడుకుంది. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది.

జూన్ 9, మధ్యాహ్నం
ఇంకో రెండు. చెవుల అంచులు ఊదారంగుకి తిరిగాయి. ఆ రంగు ఎక్కడ చూశానో నాకు తెలుసు. పందుల పెంపకం ట్రైనింగ్‌లో ఇచ్చిన పుస్తకం, ఆరో పేజీ ఫోటో. పుస్తకం తీయలేదు. తీస్తే నిజమైపోతుందని భయం.

జూన్ 10
పశువుల డాక్టరు వచ్చారు. బూట్లు మందునీళ్ళలో ముంచి లోపలికి నడిచారు. రక్తం తీసుకున్నారు. మందలకు మందల్నే తుడిచిపెట్టే స్వైన్ ఫీవర్ కావచ్చు, నాలుగు రోజుల్లో రిపోర్టు వస్తుంది, అప్పటిదాకా ఇక్కణ్ణించి ఏదీ కదలకూడదన్నారు. ఏం పెడుతున్నారని అడిగారు. మా ఆవిడ మరిగించందే చుక్క పొయ్యదు సార్ అన్నారు మా ఆయన, ఎంతో గొప్పగా. డాక్టరు నా వైపు చూశారు. తలూపాను.

తలూపాను. మళ్ళీ రాస్తున్నాను, నేను చేసింది నేనే చదువుకోవాలని.

జూన్ 11
మొండితోక పోయింది.

జూన్ 12
ఎల్లుండి వదిన పందుల్ని ఎక్కించుకోవడానికి లారీ వస్తోందట. బకెట్టు రావడం లేదేమని ఆవిడ అడిగితే వ్యాన్ రిపేరని చెప్పారట మా ఆయన. ఇక్కడ జ్వరమని చెప్పకూడదా అన్నాను. రిపోర్టు రాకుండా కంగారు పెట్టడం దేనికి, మరిగిన తిండిలో రోగమేముంటుంది అన్నారు. ఏముంటుందో నాకు తెలుసు. ఆ లారీ ఇంకెన్ని షెడ్లు తిరుగుతుందో.

చెప్పెయ్యాలి. కానీ వదిన నోరు నాకు తెలుసు. పెళ్ళైన కొత్తలో నేను కడిగిన గ్లాసులు నా ముందే మళ్ళీ కడిగేది. ఈ ఒక్క మాట దొరికితే చచ్చేదాకా దెప్పుతుంది.

జూన్ 13
ఫోన్ చేశాను. మూడో తారీకు బకెట్టు మరగలేదు వదినా, లారీని రానివ్వకండి అన్నాను. ఆవిడ తాపీగా అంది, నువ్వు పంపింది ఏనాడు నేరుగా పోశాను గనక, మూడేళ్ళుగా మళ్ళీ మరిగించాకే పోస్తున్నా, నీ పని నాకు తెలీదా అని.

మూడేళ్ళు. ఇంకో రోజైతే ఆ మాటకి నెల్లాళ్ళు ఏడ్చేదాన్ని. ఇవాళ నేల మీద చతికిలబడి నవ్వాను. ఎందుకైనా మంచిది, లారీని వద్దంటానంది. తమ్ముడికి చెప్పావా అని అడిగింది. లేదన్నాను. చెప్పు అంది.

చెప్పలేదు.

జూన్ 14, ఉదయం 11
రిపోర్టు వచ్చింది. అదే.

జూన్ 14, సాయంత్రం
చెప్పాను. మా ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. డాక్టరుకీ నేనే చెప్పాను, ఆయన రాసుకున్నారు. రోగమున్నా లేకున్నా అన్నిటినీ చంపి పూడ్చడానికి రేపు మనుషులు వస్తారట. ఎనిమిది ఇంకా బాగానే తింటున్నాయి. నా అడుగుల చప్పుడుకే లేచి నిలబడుతున్నాయి. రేపటి కంటే అవి అలా లేవడానికే నాకు భయంగా ఉంది.

జూన్ 15
గొయ్యి. సున్నం. తెల్ల సూట్లు చూసి పందిపిల్లలు బెదిరి మూలకి నక్కాయి, ఎంత అదిలించినా బయటికి రాలేదు. మా ఆవిడ పిలిస్తే వస్తాయన్నారు మా ఆయన.

పిలిచాను. వచ్చాయి.

జూన్ 16
కట్టెలు ఎండాయి. కాగులో ఉత్త నీళ్ళు పోసి, ఖాళీ షెడ్డు ముందు అరగంట మరిగించాను.