నా మోకాళ్ల పంపకం

సౌదీ అరేబియా, అల్ ఖోబర్, అల్ అజీజియాలో కాపురముంటూ కీళ్ల జబ్బుల మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ బాలామణి అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. నా ఒంట్లో మొరాయించేవి కీళ్లే, బుద్ధి కాదు.

1. తాయిఫ్‌లో ఉంటున్న నా తమ్ముడు శరత్ దీన్ని అమలు జరపవలెను. కీళ్లనొప్పులకు అద్భుతమంటూ వాడు పంపిన రాగి కడియాలు, అయస్కాంతపు పట్టీలు సీలు విప్పకుండా దాచాను. అవన్నీ సర్వహక్కులతో వాడికే.

2. ఇక్కడి చట్టం ఒప్పుకుంటే, నా తదనంతరం నా రెండు మోకాళ్లూ మా ల్యాబుకు చెందవలెను. మా వారు దామోదర్ గారు ఎముకల సర్జన్. నాకు రుమటాయిడ్ కీళ్లవాతం అని రక్తపరీక్షలో తేలినా, మోకాళ్ల నొప్పికి మాత్రం నా ఒంటి బరువే కారణమంటారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీలు పొర మీద పడి కొరుకుతోందని నేనంటాను. కోసి చూడండి. ఆయన మాటే నిజమైతే, నా ఫొటో ముందు నిలబడి "నేను చెప్పలా?" అనే హక్కు ఆయనకు ఇస్తున్నాను. ఒక్కసారే. దండ వేశాకే.

3. పెళ్లిరోజు కానుకగా ఆయన కొనిచ్చిన బరువు చూసుకునే మిషను ఆయనకే వాపసు. నువ్వుల నూనె సీసా కూడా ఆయనకే. నూనెతో ఏమీ ఒరగదని క్లాసు పీకుతూనే, చలికాలమంతా నా మోకాళ్లకు అది రాసేది ఆయనే. ఆ చేతులంటే నాకు చచ్చేంత ఇష్టం. ఈ మాట బతికుండగా చెబితే నెత్తికెక్కుతారు.

4. ల్యాబు ఫ్రీజరులో శాంపిళ్ల పక్కన బిర్యానీ డబ్బా పెట్టేవాళ్లెవరో నాకు తెలుసు. వాళ్లకు నా ఆస్తిలో చిల్లిగవ్వ చెందదు.

5. నా కూతురు అమూల్య పళ్ల డాక్టరు. చేతులే దాని బతుకు. పొద్దున లేచాక గంటసేపు దాని వేళ్లు బిగుసుకుపోయి ముడుచుకోవడం లేదు. వాళ్ల నాన్న ఫోన్ తగ్గించమంటారు. అదేమో "నాన్న ఎముకల డాక్టరు కదమ్మా, నీకు ప్రతిదాంట్లో నీ రీసెర్చే కనబడుతుంది" అంటుంది. అవును, కనబడుతుంది. తల్లికున్న జబ్బు బిడ్డకు వచ్చి తీరాలని లేదు, కానీ ముప్పు ఎక్కువ. ముందే పట్టుకుంటే మందులకు లొంగుతుంది. మా అమ్మ వేళ్లు వాస్తే అందరూ వయసని సరిపెట్టారు. చివరికి ఆమె బంగారు గాజులు కణుపులు దాటి రాక, కత్తిరించి తీశారు. వాటిని అతికించి అమూల్యకు ఇస్తున్నాను. నాకు భయంగా ఉందే తల్లీ.

6. అయిదో క్లాజు నా చావు కోసం ఆగదు. రేపు శుక్రవారం భోజనాల దగ్గర నేనే చదువుతాను. ఆదివారం అమూల్య కీళ్ల డాక్టరు ఆస్మా దగ్గరికి వెళ్లవలెను. కారు వాళ్ల నాన్న నడపవలెను, వెయిటింగ్ హాల్లో నోరు మూసుకుని కూర్చొనవలెను. వెళ్లలేదో, ఈ వీలునామా రద్దు, నా చావు నిరవధిక వాయిదా. రోజూ తెల్లారేసరికి అమూల్య మంచం మీద కూర్చుని, ఆ వేళ్లు ముడుచుకునేదాకా వదలను.

అల్ ఖోబర్, 14 నవంబరు 2024, గురువారం.

(సంతకం) బాలామణి

సాక్షులు: ఆస్మా, కీళ్ల డాక్టరు
తరన్నుమ్, ల్యాబు సహోద్యోగి