పొయ్యి దగ్గర చోటు

వారెన్, న్యూ సౌత్ వేల్స్
మే 9

అమ్మకు,
వాన జాడ లేదు. ఉన్ని కత్తిరింపు నిన్నటితో ముగిసింది. హిరుత్‌ను మాకు దత్తతిచ్చేందుకు ఒప్పుకున్నారు. వచ్చే నెల ఇథియోపియా వెళ్లి తెచ్చుకుంటాం. ఐదేళ్ల పిల్లకు కుక్కలంటే వణుకని అక్కడి అనాథాశ్రమంవాళ్లు రాశారు. ఆ ఉత్తరమే రోజుకు మూడుసార్లు చదువుతున్నాను. గొర్రెలు కాసే కుక్కల్ని షెడ్డు వెనక్కి మార్చాం. మామగారి ముసలి కుక్క బెస్ మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలదు. దాన్నీ పంపేద్దామన్నాను.
"బెస్ పద్నాలుగేళ్లుగా ఈ ఇంట్లో ఉంది. ఆ పిల్ల ఇంకా విమానమే ఎక్కలేదు, అప్పుడే పెత్తనమా అమ్మాయ్?" అన్నారు మామగారు. మా ఆయన కాలిన్ తండ్రికీ సర్దిచెప్పడు, నాకూ సర్దిచెప్పడు.
చలికాలం వస్తోంది, హిరుత్‌కు ఒక స్వెట్టర్ అల్లి పంపు, చేతులు కాస్త పొడుగ్గా. నా చిన్నప్పటి మంచం ఉందా, ఎవరికైనా ఇచ్చేశావా? నాన్న మోకాలెలా ఉంది? అందరినీ అడిగానని చెప్పు.
నీ బెరిల్

తా.క. మామగారు బెస్‌ను, తన బట్టలపెట్టెను బండిలో పెట్టుకుని ఈ ఉదయం ఆరింటికి చిన్నకొడుకు దగ్గరికి వెళ్లిపోయారు.