పడమటికి తిప్పిన మొహం

మాచర్ల,
నవంబరు, 1988.

నా బుడ్డోడా, సుభానీ,

అమ్మ దువా. ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. అంతకు మించి క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. పంజాబులో చలి మొదలైందని రాశావు. మీ నాన్న దుప్పటి నీ సంచిలో పెట్టడం మరిచిపోయాను.

నువ్వు చెప్పినట్లే ఎమ్మెల్యే గారింటికి పోయాను. పోయినేడు మీ అన్న మక్బూల్ లారీ కింద గొర్రె పడితే, ఒక్క ఫోనుతో బండిని విడిపించింది ఆయన మనిషి నరసింహారావే కదా. అట్లాగే అక్కడి ఎమ్మెల్యేకు ఒక ఫోను చేయించమన్నాను. మిరపకాయల లోడుతో పంజాబు వచ్చిన నా మక్బూల్‌ను తుపాకీతో ఎవరు కాల్చారో, ఎందుకు కాల్చారో అడగమన్నాను.

అతను తల గోక్కున్నాడు.

"ఎవరికి చేసేది పిన్నీ? ఆడ గవర్నరు పాలన. ఢిల్లీ వాళ్ళు అసెంబ్లీనే తీసేశారు. ఎమ్మెల్యేలంతా మాజీలే."

"మరి ఆడ జనం ఎవరి గుమ్మంలో కూర్చుంటారయ్యా?"

"ఆఫీసర్లే పిన్నీ. వాళ్ళకి నీ ఓటుతో పనేంది?"

బయట టీకొట్టు యల్లమంద ఈ మాట విని, "ఎమ్మెల్యేల్లేని రాజ్యమా! ఒరేయ్, మూటలు సర్దండిరా, మనమూ ఆడికే పోదాం" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత నన్ను చూసి, "తప్పయిందక్కా" అని టీ ఇచ్చాడు. నాకు కోపం రాలేదు. మనం మాత్రం ఎమ్మెల్యేను ఎన్నిసార్లు తిట్టుకోలేదు! తిట్టడానికైనా అక్కడ ఒక మనిషి లేడే అనిపించింది.

విచారణ జరిపిస్తామని కాగితం ఇచ్చేదాకా కదలనని రాశావు. ఆ పాలనను ఆరు నెలలకోసారి పొడిగిస్తున్నారంట. నువ్వు అడిగేకొద్దీ నీ పేరు కూడా వాళ్ళ నోళ్ళలో పడుతుంది. ఇంకో కొడుకును ఇచ్చుకోలేను నాయనా. అక్కడ ఎలక్షన్లు రానీ. అప్పుడు ఇద్దరం పోయి అడుగుదాం, నేనూ వస్తాను.

మీ వదిన ఎట్లా ఉందన్నావు. మహమూదా పిల్లకు పాలిస్తోంది. రోడ్డు మీద లారీ హారను వినపడితే పిల్లను ఎత్తుకుని గుమ్మంలోకి పోతుంది.

నీకు చెప్పని మాట ఒకటుంది. శవం కోసం ఎవరూ రాలేదని పోలీసులే చితి పేర్చి తగలబెట్టారని నువ్వు రాసింది నేనెవరికీ చెప్పలేదు. మట్టి చేశారంట అని చెప్పాను. మౌల్వీ సాబు, "మొహం మక్కా దిక్కుకు, పడమటికి తిప్పారా?" అనడిగాడు. తిప్పారంట అన్నాను. ఆ మాట మీదే ఫాతిహా చదివారు. మహమూదా ఆ రోజే అన్నం ముట్టింది.

బూడిద మూట ఇస్తామంటున్నారు, ఇంటికి తేనా అని అడిగావు. తేవద్దు. అక్కడ మన వాళ్ళ ఖబరస్తాన్ ఎక్కడుందో లారీల వాళ్ళను అడుగు, చెబుతారు. గుంట తీయించి నీ చేత్తో మట్టి చెయ్యి. బూడిదకు మొహమేది, పడమరేది అని ఆలోచించకు. నువ్వు ఆ పని చేస్తే నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాకుండా పోతుంది. ఆ తర్వాత రైలెక్కు. ఇక్కడ ఎవరు అడిగినా నువ్వూ అదే మాట చెప్పు.

దారిలో అన్నం దొరక్కపోతే రొట్టె అయినా సరే, కడుపు నిండా తిను నాయనా.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ,
జాన్‌బీ